పాలు లెక్కలోకి రావనుకున్నాను

మాదాపూర్,
12 జూన్ 1999

చిరంజీవి తేజస్వినికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం అలవాటైపోయి చెయ్యి అలాగే రాసేసింది. చూసుకుని కొట్టేశాను. పైన కనిపించే సిరా మరక అదే, ఏమీ అనుకోకు.

నేను చదివింది ఐదో తరగతి. డాక్టరు చదువుతున్న పిల్లకి ఉత్తరం రాయాలంటే సిగ్గుగానే ఉంటుంది. పెద్దకర్మ రోజున నువ్వు నా పక్కన కూర్చుని "అసలేం జరిగింది పెద్దమ్మా" అని అడిగావు. చుట్టూ జనం. ఇప్పుడు చెబుతున్నాను. మీ పెదనాన్నకి ఇదంతా మొదటి రోజే చెప్పేశాను కాబట్టి దాచేదేమీ లేదు.

మావాడికి, నీ తమ్ముడు లోహిత్‌కి, హెర్నియా అన్నారు. హైటెక్ సిటీలో కొత్తగా కడుతున్న భవనంలో ఏసీ గొట్టాలు బిగించే పని కదా వాడిది, బరువులెత్తి వచ్చిందన్నారు. చిన్న ఆపరేషనే, తొందరేమీ లేదు, వీలు చూసుకుని చేయించుకోండి అన్నారు. మేమే తొందరపడి చేర్పించాం. ముందురోజు సాయంత్రం నర్సు వచ్చి, "రేపు పొద్దున ఆపరేషన్, రాత్రి నుంచి ఏమీ తినకూడదు" అని చెప్పి పోయింది. సరేనన్నాను. పొద్దున్నే తీసుకెళతామన్నవాళ్ళు తీసుకెళ్ళలేదు. మధ్యలో పెద్ద కేసేదో వచ్చిందట. ఎండెక్కింది. ఎప్పుడు పిలుస్తారో చెప్పేవాళ్ళు లేరు. వాడు మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, "అమ్మా, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మన ఇంట్లో శనివారాల సంగతి నీకు తెలుసు. వాడు పదో తరగతి నుంచీ శనివారం ఉపవాసం ఉండేవాడు. అన్నం ముట్టడు, టిఫిను ముట్టడు. పాలు మాత్రం తాగుతాడు. పాలు తాగితే ఉపవాసం చెడదు, పాలు లెక్కలోకి రావు. మా అమ్మ నాకు అలాగే నేర్పింది, నేను వాడికి అలాగే నేర్పాను. కింద క్యాంటీనుకి వెళ్ళి గ్లాసుడు పాలు తెచ్చి, చల్లార్చి, పంచదార కలిపి నేనే ఇచ్చాను. తాగి మూతి తుడుచుకుని, "ఇంక సాయంత్రం దాకా ఉండమన్నా ఉంటాను" అన్నాడు.

వెంటనే పిలిచేశారు. థియేటరు తలుపు దగ్గర మత్తిచ్చే డాక్టరమ్మాయి నిలబడి ఉంది. నీలాగే ఇంకా చదువుకుంటున్న పిల్ల. పేరు శ్రావణి. "ఏమన్న తిన్నడా అమ్మా?" అని అడిగింది. "లేదమ్మా, రాత్రి నుంచి ఏమీ తినలేదు" అన్నాను. వాణ్ణీ అడిగింది. వాడూ లేదనే చెప్పాడు. తలుపు మూశారు.

మత్తులో ఉండగా ఆ పాలు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయాయట. కొన్నాళ్ళు మిషను మీద ఉంచారు. ఆ తర్వాత సంగతి నీకు తెలుసు.

నేనిచ్చిన పాలు, తేజా. ఈ చేత్తో చల్లార్చి ఇచ్చాను.

మీ పెదనాన్న ఆ శ్రావణి మీద అర్జీ పెట్టారు. దసరా వెళ్ళాక విచారణ. తప్పు ఆమెదని తేలితే చదువు మధ్యలోనే పంపించేస్తారట. "పాలిచ్చింది నేనైతే ఆ పిల్లనెందుకండీ ఆడిపోసుకుంటారు" అన్నాను. ఆయన గోడకేసి తిరిగి, "ఆ పిల్ల తప్పు కాకపోతే నీ తప్పవుతుంది పుణ్యా. అప్పుడు నేనీ ఇంట్లో ఎవరి మొహం చూసి బతకాలి?" అన్నారు.

విచారణకి నన్నూ పిలుస్తారట. "నాకెవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఏమీ అడగలేదు అని చెప్పు, చాలు" అంటున్నారు మీ పెదనాన్న. చెప్పారుగా. అడిగారుగా. అబద్ధమాడితే ఆ పిల్ల బతుకు పోతుంది. ఆడకపోతే ఈయన ఏమైపోతారోనని భయం.

మేం అద్దెకున్న ఇంటావిడ సత్తెమ్మ రోజూ పొద్దున చాయ్ పట్టుకొస్తుంది. "గిట్ల గోడకానుకొని కూసుంటే ఎట్లనమ్మా, జర తాగు" అంటుంది. నా కోసం పాలు పోయకుండా కాచి తెస్తోంది పాపం. మా ఇంట్లో పాల ప్యాకెట్టు మానిపించేశాను.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు. దాని గుండె నా గుండె లాంటిది కాదు.

నీ పెద్దమ్మ,
పుణ్యవతి

*

విశాఖపట్నం,
28 జూన్ 1999

పెద్దమ్మకు,

నమస్కారాలు. నీ ఉత్తరం డ్యూటీ గదిలో చదివాను. చదివాక మొహం కడుక్కుని మళ్ళీ థియేటర్లోకి వెళ్ళాల్సి వచ్చింది. ఏడవడానికి కూడా తీరిక లేని ఉద్యోగం ఇది. నేను చేస్తున్నదీ ఆ శ్రావణి చేస్తున్న చదువే, అది నీకు తెలుసు కదా.

ఈ మధ్య మా ప్రొఫెసర్ పట్టాభిరామయ్యగారు మా పీజీలకి కొత్తగా ఒక క్లాసు మొదలుపెట్టారు. వారానికి ఒక మధ్యాహ్నం. క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ అంటారు దాన్ని. ఆసుపత్రిలో జరిగిన పొరపాటు ఒకటి తీసుకుని అది ఎలా జరిగిందో మొదటి నుంచి చివరి దాకా తవ్వాలి. నేను తమ్ముడిదే తీసుకుంటానని చెప్పాను.

అందుకని నీ నుంచి కొన్ని సంగతులు కావాలి. నర్సు సరిగ్గా ఏ మాటలతో చెప్పింది? "తినకూడదు" అందా, "తాగకూడదు" అని కూడా అందా? నిలబడి చెప్పిందా, నడుస్తూ చెప్పిందా? విన్నదాన్ని నిన్ను తిరిగి చెప్పమని అడిగిందా? ఆపరేషన్ ఆలస్యమవుతుందని మీకెవరైనా వచ్చి చెప్పారా? పాలు తెచ్చేటప్పుడు వార్డులో ఎవరైనా చూశారా? చూసినవాళ్ళు ఏమీ అనలేదా? శ్రావణి అడిగినప్పుడు నువ్వు ఆలోచించి చెప్పావా, చటుక్కున చెప్పేశావా?

వీలైనంత వివరంగా రాయి. తప్పు ఎక్కడ జరిగిందో కచ్చితంగా తేలాలి.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. హాస్టల్లో కూరలో కూర తప్ప అన్నీ ఉంటున్నాయి. పెదనాన్నని వేళకి తినమను. పిలుస్తున్నారు, ఉంటాను.

తేజస్విని

*

మాదాపూర్,
15 జూలై 1999

తేజస్వినికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు గొలుసుకట్టు, నాకు తెమలవు. అందుకని మీ పెదనాన్న పైకి చదివారు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి నా మొహం చూశారు. ఆ చూపు నేను చెప్పలేను.

పోలీసులైనా ఇన్ని అడగరమ్మా.

ఆయన బాలానగర్ కంపెనీలో లేతు మిషను మీద పనిచేస్తారని నీకు తెలుసుగా. నీ ఉత్తరంలో క్వాలిటీ అన్న మాట రాగానే నవ్వారు. ఈ మధ్య ఆయన నవ్వడం అదే మొదటిసారి, అదీ మంచి నవ్వు కాదు. "మా దగ్గరా ఉన్నాడు క్వాలిటీ వాడు. ముక్క చెడితే అది ఎవరి మిషను మీద చెడిందో వెతుక్కుంటూ వస్తాడు. దొరికినవాడి జీతం కోస్తాడు. మీ చెల్లెలి కూతురు చేసేదీ అదే. ఆ పిల్లని తప్పించడానికి నిన్ను పట్టుకుంది" అన్నారు.

డాక్టర్లంతా ఒక్కటే అని జనం అంటుంటే మా తేజ అలాంటిది కాదనేదాన్ని.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను. నర్సు నడుస్తూనే చెప్పింది. చేతిలో మందుల పళ్ళెం ఉంది, పక్క మంచం వాళ్ళని చూస్తూ చెప్పింది. "ఏమీ తినకూడదు" అంది, అంతే. తిరిగి చెప్పమని ఎవరడుగుతారు, మేమేమన్నా బళ్ళో పిల్లలమా? ఆలస్యమని ఎవరూ చెప్పలేదు. పాలు తెస్తుంటే ఊడ్చే ఆయా చూసింది, "పిలగానికా? మంచిగ తాగిపియ్యి, నీరసంగున్నడు" అంది. శ్రావణి అడిగినప్పుడు నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించడానికేముంది, నువ్వు అన్నం తిన్నావా అని నన్నెవరైనా అడిగితే ఆలోచించి చెబుతానా?

చాలా? తప్పు ఎక్కడ జరిగిందో తేలిందా? నా చేతిలో గ్లాసు దగ్గర జరిగింది. అది తేల్చడానికి నీ క్లాసు దేనికి?

ఇక్కడ కొండరాళ్ళు పేలుస్తున్నారు రోడ్డు కోసం. మధ్యాహ్నం పూట ఇల్లంతా అదురుతుంది. వాడి ఫొటో రెండుసార్లు కింద పడింది. సత్తెమ్మ కొడుకులు ఖాజాగూడ వైపు భూమి అమ్ముతామని తిరుగుతున్నారు, ఆవిడ ఇద్దరినీ తిడుతోంది. ఎవరి గోల వాళ్ళది.

నీ మీద కోపం లేదు. ఉందేమో కూడా. తెలియదు.

పెద్దమ్మ

*

విశాఖపట్నం,
3 ఆగస్టు 1999

పెద్దమ్మా,

నన్ను క్షమించు. నేను నీకు రాసింది ఉత్తరం కాదు, కేస్ షీటు. రాసేటప్పుడే తెలియాల్సింది.

క్లాసు గురించి నేను సగమే చెప్పాను. మా సార్ పెట్టిన మొదటి నియమం, బోర్డు మీద ఎవరి పేరూ రాయకూడదని. పేరు రాస్తే అందరం ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్ళిపోతాం, మర్నాడు అదే పొరపాటు మళ్ళీ జరుగుతుంది అంటారు. ఎవరు చేశారని కాదు, ఎలా చేయగలిగారని అడగండి అంటారు. మాకు చిన్నప్పటి నుంచీ ఎవరు చేశారని అడగడమే వచ్చు కాబట్టి ఆ మాట తలకెక్కడానికి వారాలు పట్టింది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇది నువ్వు మర్చిపోయినట్టున్నావు. తమ్ముణ్ణి చేర్పించబోయే ముందు నేను సత్తెమ్మగారింటికి ఫోను చేశాను. "ఆపరేషన్ రోజున ఏమీ పెట్టకు పెద్దమ్మా, కడుపు ఖాళీగా ఉండాలి" అన్నాను. నువ్వు "సరేలేవే, ఆ రోజు శనివారం అనుకుంటాం" అన్నావు. నేను నవ్వాను.

నవ్వి ఫోను పెట్టేశాను. మీ ఇంట్లో శనివారం అంటే ఏమిటో ఈ భూమ్మీద డాక్టర్లలో నాకొక్కదానికే తెలుసు. వేసవి సెలవుల్లో తమ్ముడి పక్కన కూర్చుని నీ చేతి పాలు ఎన్ని శనివారాలు తాగలేదు నేను? ఆ క్షణంలో నేను డాక్టరులా ఆలోచించలేదు, మీ ఇంటి పిల్లలా నవ్వేశాను. శ్రావణికి మీ శనివారాలు తెలియవు. నాకు తెలుసు. అందుకే ఆ ప్రశ్నలన్నీ నిన్ను అడిగాను. నిన్ను పట్టుకోవడానికి కాదు, నన్ను నేను పట్టుకోవడానికి.

తర్వాత ఒక పని చేశాను. మా వార్డులో ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళని ముందు మామూలుగానే "ఏమైనా తిన్నారా" అని అడిగాను. అందరూ లేదన్నారు. వెంటనే "సరే, పొద్దున్నుంచి నోట్లోకి ఏమేం వెళ్ళాయి" అని అడిగాను. ఒకావిడ కాఫీ అంది. ఒకాయన సింహాచలం తీర్థం అన్నాడు. ఒక చంటివాడి తల్లి బిస్కెట్టు పాలల్లో నానబెట్టి పెట్టిందట, "అది మెత్తగా ఉందండీ, తిండేముంది" అంది. ఒక తాతగారైతే "చుట్ట కాల్చాను. చుట్ట కూడా తిండేనా, ఎవరే నీకు చదువు చెప్పింది?" అని నన్నే కసిరాడు. మా డాక్టర్ల పుస్తకంలో తిండి అంటే అన్నీ. వాళ్ళకి తిండి అంటే కంచంలో ఉన్నది. ఆ సంగతి మాకెవరూ నేర్పలేదు, మేమూ అడగలేదు.

సెప్టెంబరు చివర్లో మా పీజీలకి ఈ అడగడం నేర్పే క్లాసు నాకు అప్పగించారు. నువ్వు రావాలి పెద్దమ్మా. వాళ్ళు అడుగుతారు, నువ్వు జవాబు చెబుతావు, అంతే. నీకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు.

తేజ

*

మాదాపూర్,
24 ఆగస్టు 1999

చిరంజీవి తేజకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం చాలాసార్లు చదివించుకున్నాను. ఫోనులో శనివారం అన్నానా నేను? నాకు గుర్తు లేదు. నన్ను ఊరడించడానికి కల్పించావేమో అనుకున్నాను. సత్తెమ్మని అడిగితే, "అన్నవ్, అన్నవ్. నేను ఈడనే బియ్యం ఏరుతున్న. నువ్వు సుత నవ్వినవ్" అంది. నేనూ నవ్వానట. నువ్వు నవ్వావని నీ మీద నువ్వు నిందేసుకుంటే నేనేం చేయను? దీన్ని అందరం పంచుకుంటే తగ్గేది కాదమ్మా. ఎవరికి వాళ్ళకి నిండుగానే వస్తుంది.

అసలు రాయాల్సింది వేరే ఉంది. నీ ఉత్తరం మీ పెదనాన్న తీసుకున్నారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "చూశావా, మన ఇంటి డాక్టరే ఒప్పుకుంది, డాక్టర్లకి అడగడం రాదని. ఇది విచారణలో పెడతాను. ఇంకేం కావాలి" అంటున్నారు. తెలిసినవాళ్ళకి చదివి వినిపిస్తున్నారు కూడా. శనివారం సంగతి ఉన్న చోటు మాత్రం వదిలేసి చదువుతున్నారు. నాకు వినబడుతూనే ఉంటుంది.

నువ్వు ఎవరి పేరూ రాయొద్దని రాసిన ఉత్తరంతోనే ఆ పిల్ల పేరు రాయించబోతున్నారు. నేనడ్డం వెళితే, "ఎవరి వైపు నువ్వు" అంటారు. ఎవరి వైపు? నా బిడ్డ వైపు. వాడు ఎవరి వైపున్నాడో తెలియక చస్తున్నాను.

ఇంకో మాట. మొన్న ఒకమ్మాయి మన వీధి చివరి దాకా వచ్చి వెళ్ళిపోయిందట. సత్తెమ్మ చూసింది. "తెల్లకోటు మడిచి చేతిల పట్టుకొని నిలవడ్డది. ఎవలింటికి పోవాలె బిడ్డా అంటే ఏడ్చుకుంట ఎనుకకు పోయింది" అంది. ఇంకెవరుంటారు. లోపలికి వస్తే నేనేం అనేదాన్ని? రామ్మా అనేదాన్నా, తలుపేసుకునేదాన్నా? వచ్చి ఉంటే తెలిసేది.

నీ క్లాసుకి నేను రాలేను. అంతమంది డాక్టర్ల ముందు నన్ను కూర్చోబెట్టి, పాలిచ్చి బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఈవిడేనని చూపిస్తావా? నువ్వలా అనుకుని ఉండవు. అయినా వాళ్ళ కళ్ళకి అదే కనబడుతుంది. నన్ను ఇలా ఉండనివ్వు.

పెద్దమ్మ

*

విశాఖపట్నం,
8 సెప్టెంబరు 1999

పెద్దమ్మకూ, పెదనాన్నకూ,

ఈ ఉత్తరం ఇద్దరికీ. పెదనాన్నా, మీరే చదివి పెద్దమ్మకి వినిపించండి. ఏ ముక్కా వదిలిపెట్టకండి.

జేబులో ఉన్న ఆ ఉత్తరం మీ ఇష్టం. నేను రాసింది నిజమే, ఎక్కడ చూపించినా కాదనను. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ రోజు ఆ తలుపు దగ్గర శ్రావణికి బదులు నేనుంటే, ఎదురుగా ఉన్నది నా పెద్దమ్మ కాకుండా ఇంకో తల్లి అయితే, నేనూ అదే మాట అడిగేదాన్ని. ఆవిడ లేదు అంటే నమ్మి తలుపు మూసేదాన్ని. మాకు సీనియర్లు అలాగే నేర్పారు, వాళ్ళకి వాళ్ళ సీనియర్లు నేర్పారు. శ్రావణిని పంపించేస్తే మర్నాడు ఆ తలుపు దగ్గర ఇంకో అమ్మాయి నిలబడి "ఏమన్న తిన్నడా అమ్మా" అనే అడుగుతుంది. ఇంకో తల్లి "లేదమ్మా" అంటుంది.

పెద్దమ్మా, లోహిత్ పేరు ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నువ్వు నాకేమవుతావో మా సార్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఆపరేషన్‌కి కొడుకుని తెచ్చిన ఒక తల్లిగా కుర్చీలో కూర్చుంటావు. ఆ రోజు ఎలా చెప్పావో అలాగే చెబుతావు. నీ కథ ఎవరూ అడగరు.

ఇద్దరూ గోదావరి ఎక్కండి. స్టేషనుకి నేను వస్తాను. రానంటే మళ్ళీ అడగను.

మీ తేజ

*

మాదాపూర్,
4 నవంబరు 1999

చిరంజీవి తేజస్వినికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఒరిస్సా తుపాను టీవీలో చూసి భయపడ్డాం. మీకేం కాలేదని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఆ నీళ్ళలో తల్లుల్ని చూసి మీ పెదనాన్న లేచి టీవీ కట్టేశారు.

నీ క్లాసుకని విశాఖ వచ్చి వెళ్ళి నెల దాటినా నీకు ఒక్క ముక్క రాయలేదు. విచారణ అయ్యాక రాద్దామని ఆగాను. అయింది.

పొడుగాటి బల్ల వెనక పెద్దవాళ్ళు కూర్చున్నారు. ఆ శ్రావణి ఓ పక్కన కుర్చీలో ఉంది. గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయింది. వాళ్ళమ్మ కాబోలు బయట వరండాలో ఉంది, చేతిలో టిఫిను డబ్బా.

పెద్దాయన నన్ను, "చూడమ్మా, ఏమీ పెట్టొద్దని మీకు చెప్పారా లేదా, ఒక్క మాటలో చెప్పండి" అన్నారు.

"చెప్పారండీ" అన్నాను. మీ పెదనాన్న తల దించుకున్నారు.

"మరి ఎందుకు పెట్టారు?"

"పెట్టలేదండీ. పాలిచ్చాను."

ఆ పక్కాయన నిట్టూర్చి, "అదేగా తల్లీ" అన్నాడు.

అప్పుడెక్కణ్ణుంచి వచ్చిందో నాకు గొంతు. "అదే కాదండీ. ఆ అమ్మాయి తిన్నాడా అని అడిగింది. తినలేదని నేను చెప్పాను. ఇద్దరం అబద్ధమాడలేదు. వాడు పోయాడు. ఎవరి పేరు రాసుకుంటారో రాసుకోండి. నా పేరు రాస్తే సంతకం పెడతాను, పాలిచ్చింది నేనే. కానీ రేపు ఆ తలుపు దగ్గర ఇంకో తల్లిని మళ్ళీ ఆ మాటే అడక్కండి" అన్నాను. ఇంకా ఏదో అన్నాను, గుర్తు లేదు. శ్రావణి మోకాళ్ళ మీదికి వంగిపోయి ఏడుస్తోంది. నా వైపు చూడలేదు. నేనూ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాల్సింది.

పెద్దాయన మీ పెదనాన్నతో, "మీ దగ్గరేదో ఆధారం ఉందన్నారు, ఇవ్వండి" అన్నారు. ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. "అది మా అమ్మాయి ఇంటికి రాసుకున్న ఉత్తరమండీ, ఆధారం కాదు" అన్నారు.

"అయితే అర్జీ వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోను. ఆ పిల్ల పేరు కొట్టేయండి. అర్జీ ఉంచండి."

పేరు లేని అర్జీ ఎవరి మీద విచారించాలయ్యా అని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలాసేపు అదే గొడవ. చివరికి కాగితం తెప్పించి ఆయనచేతే కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించుకున్నారు. ఆ అమ్మాయి చదువుకి ఢోకా లేదన్నారు. అర్జీ మాత్రం ఏం చేస్తారో వాళ్ళకే తెలియదు, ఆలోచించి చెబుతామన్నారు. బస్సులో వస్తూ ఈయన, "క్వాలిటీ వాడు మా షెడ్డుకి వచ్చినప్పుడు మిషను సంగతి అడగమంటాను ఈసారి, మనిషి సంగతి కాదు. వింటాడా? వినడు" అన్నారు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని మాదాపూర్ దాకా వదల్లేదు. బస్సులో అందరూ చూశారు. చూడనీ.

నా తప్పు పోయిందని అనుకుంటున్నానని అనుకోకు. ఉంది. వాడున్న చోటే ఉంది.

ఇంక నీకు తెలియనిది ఒకటి చెప్పి ముగిస్తాను. నీ క్లాసులో మొదట అందరూ "ఏమైనా తిన్నాడా" అనే అడిగారు, నేను లేదనే చెబుతూ పోయాను. నువ్వు వాళ్ళని ఆపి, ఎలా అడగాలో వాళ్ళచేతే చెప్పించావు. ఈసారి కొత్తగా అడగండి అన్నావు. ఇంతలో నిన్ను థియేటరుకి పిలిచారు, పరిగెత్తావు. నువ్వు వెళ్ళాక జరిగింది ఇది.

బక్కపల్చటి అబ్బాయి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. రామాంజనేయులట, అనంతపురం వైపు. అందరూ నిలబడి అడిగారు, ఇతను స్టూలు లాక్కుని కూర్చుని అడిగాడు. "ఏమ్మా, పొద్దున్నుంచి పిల్లోని నోట్లోకి ఏమేమి పోయినాయి? నీళ్ళు గానీ, కాఫీ గానీ, పాలు గానీ, తీర్థం గానీ, ఏదైనా సరే చెప్పు. నేనేమీ అనను" అన్నాడు.

"పాలు" అన్నాను. "గ్లాసుడు పాలిచ్చాను బాబూ, ఇందాకే."

అది ఆట అని మర్చిపోయాను. అతను కోప్పడలేదు. చేతిలో కాగితం పక్కన పెట్టి, "అట్లయితే ఈ పొద్దు వద్దులేమ్మా. రేపు చేద్దాం" అన్నాడు.

అంత తేలిగ్గా అన్నాడు తేజా.

"రేపు నిజంగా చేస్తారా బాబూ?" అని అడిగాను. వెనక పిల్లలు నవ్వారు. వాళ్ళకేం తెలుసు. అతనూ నవ్వి, "చేస్తాం లేమ్మా. పిల్లోడు యాడికి పోతాడు?" అన్నాడు.

మీ పెదనాన్న చివరి బల్ల దగ్గర నుంచి లేచి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. నేను లేవలేదు. అతను లేచాక ఇంకో అమ్మాయి స్టూలు మీద కూర్చుంది. నా మొహం చూసి భయపడి, "అమ్మా, కాసేపు ఆగమంటారా?" అంది.

వద్దు, అడుగు తల్లీ అన్నాను.

నీ పెద్దమ్మ,
పుణ్యవతి